సాంటోరినిలో కొండ అంచున రూమా, కింద బీచ్ పక్కనా? అమ్మకి మోకాళ్ళ నొప్పి, మా ఆవిడకి గుహ కావాలి

గోదారిగట్టు_ఫ్రాంక్‌ఫర్ట్
సెప్టెంబర్ ఆఖరి వారం, ఏడు రాత్రులు. మేమిద్దరం, నాలుగేళ్ళ బాబు, రాజమండ్రి నుంచి వచ్చిన అమ్మానాన్న. సాంటోరినికి డైరెక్ట్ ఫ్లైట్ తక్కువలో కనపడితే వెనకాముందు చూడకుండా రానూపోనూ టికెట్లు కొట్టేశాను, ఇప్పుడు రూమ్ దగ్గర ఇరుక్కుపోయాం. మా ఆవిడ ఫోన్‌లో మూడేళ్ళ నుంచి దాచుకున్న ఫోటో ఒకటుంది. ఓయాలో తెల్లటి గుహలాంటి రూము, ముందు చిన్న నీళ్ళతొట్టి, కింద నీలం సముద్రం. అలాంటి రూములు రాత్రికి 480 యూరోలు చెప్తున్నారు, అదీ ఇద్దరికే. నేను చూసింది పెరిస్సా అనే చోట స్టూడియోలు, వంట చేసుకోవచ్చు, రెండూ కలిపి 130. అది చూపిస్తే "బీచ్ కోసం గ్రీస్ దాకా ఎందుకు, అంతర్వేది పోదాం" అంది. అమ్మకి మోకాళ్ళు అరిగిపోయాయి, మేడ మెట్లెక్కినా మధ్యలో ఒకసారి కూర్చుంటుంది. నాన్నకి ఏ పట్టింపూ లేదు, "అక్కడ అన్నం దొరుకుతుందా" అని ఒక్క ముక్క అడిగారు. వెళ్ళొచ్చినవాళ్ళు ఎవరైనా దారి చూపండి, ఇంట్లో రెండు వారాల నుంచి ఇదే రామాయణం.

నల్లకుంట_నాని
అంతర్వేది డైలాగ్‌కి వదినగారికి దండం. నా ఓటు ఆవిడకే, విషయం ఏంటో తెలీకపోయినా.

వైజాగ్_వనజ
అది ఓయా కాదండీ, ఈయా అనాలి. నేనూ అక్కడికెళ్ళేదాకా ఓయా అనే అన్నాను, బస్సు కండక్టర్ నవ్వాడు.

హనీమూన్‌కి ఈయాలోనే ఉన్నాం రెండు రాత్రులు, ఫోటోల్లో కనపడనివి చెప్తా. టాక్సీ ఊరి మొదట్లో దింపేసింది, అక్కడి నుంచి లోపలికి బండ్లు పోవు. హోటల్ అబ్బాయి వచ్చి మా రెండు పెట్టెలూ ఒకటి భుజం మీద ఒకటి చేత్తో పట్టుకుని మెట్లు దిగిపోతుంటే నాకు సిగ్గేసింది, ఒక్కోటి 23 కిలోలు. రూముకి 114 మెట్లు, లెక్కపెట్టాను, పైగా ఒకటి పొడుగు ఒకటి పొట్టి, నున్నగా అరిగిపోయి ఉంటాయి. బ్రేక్‌ఫాస్ట్ తప్ప ఏది తినాలన్నా పైకెక్కాలి. రూము లోపల అందంగానే ఉంది కానీ ఒక్కటే తలుపు, వెనక్కి కిటికీ లేదు, తేమ వాసన. ఇక ఆ తొట్టి సంగతి. మా పై దారిలో పోయేవాళ్ళందరికీ కనపడుతుంది. సాయంత్రం సూర్యాస్తమయానికి జనం వచ్చి నిలబడ్డారు, మేము తొట్లో. మా పెళ్ళికి రానివాళ్ళు కూడా మమ్మల్ని ఆ తొట్లో చూసుంటారు.

అత్తయ్యగారిని మాత్రం అక్కడికి తీసుకెళ్ళొద్దు, చెప్పేది అంతే.

ఓరుగల్లు_పోరడు
480 యూరోలు వెట్టి తొట్లో కూసునుడేంది అన్నా. గా పైసలతోని మా ఊర్ల బోరు ఏసుకుంటరు.

ఏథెన్స్_అత్తిలి
తొమ్మిదేళ్ళుగా ఏథెన్స్‌లో ఉంటున్నా, ఇండియా నుంచి ఎవరొచ్చినా సాంటోరిని తిప్పడం నా ఖాతాలోనే పడుతుంది. ఈ పోస్ట్ పెట్టిన ఓపీ గారికి ముందు ద్వీపం ఆకారం తెలిస్తే సగం గొడవ తీరిపోతుంది.

కొరికిన అప్పడంలా ఉంటుంది అది. సుమారు 3600 ఏళ్ళ కిందట అగ్నిపర్వతం పేలి నడిమధ్య భాగం సముద్రంలోకి కుంగిపోయింది. ఆ కుంగిన గుంతనే కాల్డెరా అంటారు. కొరికిన వైపే పడమర, నిట్టనిలువు కొండ. ఫీరా, ఫీరోస్తెఫాని, ఇమెరోవిగ్లి, ఈయా, ఈ నాలుగూ ఆ అంచు మీదే వరసగా ఉంటాయి. ఫోటోలన్నీ అక్కడివే. అక్కడ బీచ్ లేదు, కొండ కిందకి దిగితే నేరుగా లోతు నీళ్ళే. తూర్పు వైపు నేల మెల్లగా వాలి సముద్రంలో కలుస్తుంది, కమారి, పెరిస్సా, పెరివోలోస్ అన్నీ అటే. నల్ల ఇసక, చదును నేల, పిల్లలకీ పెద్దవాళ్ళకీ సుఖం. అక్కడి నుంచి కాల్డెరా వీసమెత్తు కనపడదు.

అందుకని బుకింగ్ సైట్లో "సీ వ్యూ" అని ఉంటే మురిసిపోకండి. తూర్పు వైపు హోటల్ వాడూ సీ వ్యూ అనే రాస్తాడు, అబద్ధం కాదు, అటు కూడా సముద్రమే. మీ ఆవిడ ఫోటోలో ఉన్నది కావాలంటే "కాల్డెరా వ్యూ" అని స్పష్టంగా రాసుండాలి. ఆ ఒక్క మాటకే రేటు రెండింతలు మూడింతలు.

ఇంకోటి, ఆ గుహ ఇళ్ళు ఒకప్పుడు లేనివాళ్ళ ఇళ్ళు. అగ్నిపర్వతం బూడిద గట్టిపడిన మెత్తటి రాయిని తొలుచుకుని ఓడల్లో కూలికి పోయేవాళ్ళు కాపురం ఉండేవారు, ఓడ కెప్టెన్లు పైన మేడల్లో ఉండేవారు. 1956లో పెద్ద భూకంపం వచ్చి చాలా ఇళ్ళు కూలాయి, ఎంతోమంది ఊరొదిలి ఏథెన్స్ వచ్చేశారు. తర్వాత ఆ గుహలే హోటళ్ళయ్యాయి. వనజగారు చెప్పిన తేమ వాసన, వెనక కిటికీ లేకపోవడం అందుకే.

నల్లకుంట_నాని
అంటే కూలివాళ్ళ ఇంట్లో ఉండడానికి 480. మేడలో ఉన్న కెప్టెన్ మనవడు ఇప్పుడు ఏం చేస్తున్నాడో.

ఏథెన్స్_అత్తిలి
హోటలే నడుపుతుంటాడు :)

మోకాలు_మూర్తి
నా వయసు 68, రెండు మోకాళ్ళూ ఆపరేషన్ అయినవే. పోయిన మే నెలలో అమ్మాయీ అల్లుడూ తీసుకెళ్ళారు, కమారిలో దింపారు. నాకు అది స్వర్గం. సముద్రం పొడుగునా చదునైన దారి, బండ్లు రావు, పక్కనే హోటళ్ళు, ఎక్కడపడితే అక్కడ కూర్చోవచ్చు. పొద్దున ఆరింటికి నేనూ మా ఆవిడా అటు చివర పెద్ద కొండ దాకా నడిచి వచ్చేవాళ్ళం. ఒక్కటే, ఆ నల్ల ఇసక మధ్యాహ్నం పెనంలా కాలుతుంది, గులకరాళ్ళు కూడా. చెప్పులు విడిచి ఒక్క అడుగు వేయలేం, వెనక పట్టీ ఉన్న చెప్పులు కొనండి అమ్మగారికి.

కొండ మీది వ్యూ కూడా చూశాను. ఫీరోస్తెఫానిలో రోడ్డు పక్కనే ఒక కాఫీ హోటల్లో రెండు గంటలు కూర్చున్నాం. రూము తీసుకున్నవాళ్ళకి కనపడిందే మాకూ కనపడింది, కాఫీ ఐదు యూరోలు. నాకైతే అది చాలు.

మ్యూనిక్_మసాలాదోశ
మూర్తిగారూ మీకు చాలు, కానీ ఓపీ వాళ్ళావిడకి చాలకపోవచ్చు కదా. అందరూ డబ్బు లెక్కలే చెప్తున్నారు కాబట్టి నేను అటు వైపు మాట్లాడతా. మేమూ మొదటిసారి పెరివోలోస్‌లో ఉండి సాయంత్రం బస్సెక్కి ఈయా పోయాం. కోట శిథిలాల మీద సూర్యాస్తమయానికి ఎంత జనమంటే బ్రహ్మోత్సవాల్లో మాడవీధి గుర్తొచ్చింది, నాకు కనపడింది ముందున్నాయన సెల్ఫీ కర్రే. తిరుగు బస్సుకి గంటన్నర నిలబడ్డాం. రెండోసారి పట్టుబట్టి కొండ అంచున ఒక్క రాత్రి తీసుకున్నాం. పొద్దున ఆరున్నరకి లేచి తలుపు తీస్తే దారిలో మనిషన్నవాడు లేడు, రెండు పిల్లులు, గోడకి సున్నం వేస్తున్న ఒక ముసలాయన, కింద నీళ్ళ మీద ఒక్క పడవ లేదు. క్రూజ్ ఓడలు వచ్చేది ఆ తర్వాతే. ఆ గంట కోసమే ఆ డబ్బు. కాఫీకి కూర్చున్నవాళ్ళకి అది దొరకదు.

సీమ_సిన్నోడు
సాంటోరిని ఎందుకబ్బా అసలు, క్రీట్ పోండి, దాంట్లో సగం ఖర్చు

నల్లకుంట_నాని
టికెట్లు కొన్నాడన్నా ఆయన. మొదటి పోస్ట్ చదవవేం.

సీమ_సిన్నోడు
సరే చూళ్ళేదు. ఐనా నా కథ చెప్తా, ఎవురికైనా పనికొస్తాది. క్రీట్‌కి పోయి ఏడు రాత్రులూ తూర్పున ఎలౌండాలో తీసుకున్యాం. ద్వీపమే కదా, బండేసుకుని తిరుగుదాం అనుకున్యా. ఎలాఫొనీసి అని గులాబీ ఇసక బీచ్ ఉంది, మా పాప చూడాలనింది. మ్యాప్ తీస్తే అది పడమటి చివర, దగ్గర దగ్గర 280 కిలోమీటర్లు, ఆఖర్న అంతా కొండ దారి. హైదరాబాద్ నుంచి విజయవాడ పోయినంత, హైవే లేకుండా. పొద్దున అయిదుకి లేసినాం, రాత్రి పదకొండుకి వచ్చినాం, బీచ్‌లో ఉండింది రెండు గంటలు. క్రీట్‌లో ఉండాలంటే రెండు చోట్ల ఉండాల. పడమర హానియాలో కొన్ని రాత్రులు, తూర్పునో ఇరాక్లియో దగ్గరో కొన్ని. ద్వీపం అంటే మన యానాం అంత ఉంటాదిలే అనుకున్న నా బుద్ధిని చెప్పుతో కొట్టాల.

ఓరుగల్లు_పోరడు
యానాం ద్వీపం గాదు సిన్నన్నా

సీమ_సిన్నోడు
చుట్టూ నీళ్ళే గదప్పా

గోదారిగట్టు_ఫ్రాంక్‌ఫర్ట్
మా ఊరి పక్క యానాంని ఇక్కడికి లాగకండి బాబూ. మూర్తిగారూ కమారి మాట నాన్నకి చదివి వినిపించాను, తెగ సంతోషపడ్డారు. మసాలాదోశ గారి పోస్ట్ మా ఆవిడ చదివి ఫోన్ నా ముఖం ముందు పెట్టింది. సో గొడవ మళ్ళీ మొదటికి. పెరిస్సానా కమారినా అనేది కూడా చెప్పండి.

ఏథెన్స్_అత్తిలి
రెంటికీ మధ్యలో మూర్తిగారు చెప్పిన పెద్ద కొండ అడ్డం, మేసా వూనో. మ్యాప్‌లో పక్కపక్కనే ఉన్నట్టుంటాయి కానీ రోడ్డు మీద చుట్టు తిరిగి వెళ్ళాలి. పెరిస్సాలో కుర్రకారు ఎక్కువ, రేట్లు కాస్త తక్కువ. కమారి కొంచెం నెమ్మది, ఎయిర్‌పోర్ట్‌కి దగ్గర, ఫీరాకి కూడా దగ్గర. మీ జట్టుకి కమారి.

బస్సుల సంగతి కూడా గుర్తుంచుకోండి. ప్రతి బస్సూ ఫీరా నుంచే బయల్దేరుతుంది. కమారి నుంచి ఈయా పోవాలంటే ఫీరాలో దిగి మారాలి. టాక్సీలు చాలా తక్కువ, చెయ్యెత్తితే ఆగే రకం కాదు. ఐదుగురున్నారు, జర్మన్ లైసెన్స్ ఉంటుంది కాబట్టి రెండ్రోజులు కారు తీసుకోండి. ఇండియా లైసెన్స్ వాళ్ళు మాత్రం ఇంటర్నేషనల్ పర్మిట్ లేకుండా రావద్దు, క్వాడ్ అనే నాలుగు చక్రాల బుల్లి బండికి కూడా అడుగుతారు.

ఇంకో మాట, కోప్పడకండి. ఏడు రాత్రులూ సాంటోరినిలోనేనా? మూడు నాలుగు రోజుల్లో చూసేది అయిపోతుంది. నాలుగేళ్ళ పిల్లాడికి అక్కడి బీచ్ అంత బాగోదు, గులకరాళ్ళు, రెండడుగులకే లోతు. పడవెక్కితే దాదాపు రెండు గంటల్లో నాక్సోస్ అనే ఇంకో ద్వీపం. అక్కడ ఊరిని ఆనుకునే అయ్యోస్ యోర్యోస్ అని బీచ్ ఉంది, బంగారు రంగు మెత్తటి ఇసక, పిల్లాడు చాలా దూరం నడిచినా నడుం లోతే. బీచ్ వెనకే చదునైన వీధుల్లో స్టూడియోలు. సాయంత్రం రేవు గట్టు మీద నడుచుకుంటూ పోతే పోర్తారా, అపోలో గుడికి కట్టిన పెద్ద రాతి ద్వారబంధం. గుడి పూర్తి కాలేదు, వాకిలి మాత్రం 2500 ఏళ్ళుగా అలా నిలబడి ఉంది. అందులోంచి సూర్యుడు దిగడం చూడొచ్చు, టికెట్ లేదు, తోపులాటా తక్కువే.

పెసరట్టు_99
నాక్సోస్‌కి ప్లస్ వన్. కానీ పాత ఊరు కాస్త్రోలో రూము తీసుకోకండి, మళ్ళీ మెట్లే. అక్కడి ఆలుగడ్డలకి దేశమంతా పేరు, మా వాడు వేపుడు తప్ప ఏమీ తినకుండా నాలుగు రోజులు బతికేశాడు.

ఓరుగల్లు_పోరడు
పడవ ఎక్కినంక కక్కుడు ఉంటది, అది జెర్ర చెప్పుండ్రి. జులైల పోయినం, గాలికి పడవ ఊగుడు ఊగుడు కాదు. మా పడవ పొద్దుగాలది రద్దు, రాత్రికి వచ్చింది, రేవుల తొమ్మిది గంటలు పెట్టెల మీద కూసున్నం.

ఏథెన్స్_అత్తిలి
నిజమే, జులై ఆగస్టుల్లో ఉత్తరం గాలి, మెల్తెమి అంటారు, బలంగా కొడుతుంది. సెప్టెంబర్ చివరికి తగ్గుతుంది గానీ అసలు ఉండదని చెప్పలేం. చిన్న స్పీడ్ పడవ కాకుండా కార్లు ఎక్కే పెద్ద ఓడ తీసుకోండి, అరగంట ఎక్కువైనా ఊపు తక్కువ. విమానం ముందు రోజు రాత్రికి మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ సాంటోరినిలో ఉండాలి. నాక్సోస్ నుంచి పొద్దున పడవెక్కి మధ్యాహ్నం ఫ్లైట్ పట్టుకుందాం అనుకున్నవాళ్ళని నేను ఓదార్చాను.

వైజాగ్_వనజ
ఇంకో చిన్న సంగతి. టాయిలెట్ పేపర్ కమోడ్‌లో వేయొద్దని బోర్డు ఉంటుంది, పక్కన బుట్టలో వేయాలి, గొట్టాలు సన్నం. మన పెద్దవాళ్ళకి ఆ బాధ లేదు కానీ మగ్గు మాత్రం పట్టుకెళ్ళండి, దొరకదు. కుళాయి నీళ్ళు సాంటోరినిలో తాగకండి. చెక్ ఇన్ అప్పుడు రాత్రికింతని ట్యాక్స్ కూడా అడుగుతారు, త్రీ స్టార్ అయితే రూముకి 5 యూరోలు, ఫైవ్ స్టార్‌కి 15. బుకింగ్ రేటులో ఉందనుకుని మేము అక్కడ వాదించాం, పరువు పోయింది.

మోకాలు_మూర్తి
అన్నం సంగతి ఎవరూ చెప్పలేదు. మీ నాన్నగారికి ఫావా అడగమనండి. పసుప్పచ్చ పప్పు మెత్తగా ఉడకబెట్టి పైన ఆలివ్ నూనె, పచ్చి ఉల్లిపాయ. మా ఆవిడ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని "ఇది ముద్దపప్పేనండీ, తిరగమోత మర్చిపోయారు" అంది. ఆవకాయ సంచిలో ఉంది, ఇక చెప్పాలా. టమాటా బజ్జీలు కూడా అక్కడ ప్రత్యేకం, తొమాతోకెఫ్తెదెస్ అంటారు, నేను టమాటా బజ్జీ అనే అడిగేవాణ్ణి, తెచ్చి పెట్టేవారు.

పెసరట్టు_99
"నిస్తీసిమో" అనే మాట నేర్చుకోండి. వాళ్ళ ఉపవాసం తిండి, మాంసం పాలు గుడ్లు ఉండవు. పీతలూ రొయ్యలూ మాత్రం ఉపవాసానికి పనికొస్తాయట, అది అడిగి తినండి.

నల్లకుంట_నాని
రొయ్యలతో ఉపవాసం. మతం మారడానికి నాకు ఇంతకాలానికి కారణం దొరికింది.

గోదారిగట్టు_ఇంటావిడ
ఈ అకౌంట్ ఇప్పుడే తెరిచాను. నేను అంతర్వేది అన్నది నిజమే, కానీ దానికి ముందు ఆయన "గుహలో ఉండాలంటే బొర్రా గుహలకి పోదాం" అన్నారు, అది మాత్రం రాయలేదు ఇక్కడ. నాకు ఏడు రాత్రులు అక్కర్లేదు. ఒక్క రాత్రి చాలు, మసాలాదోశ గారు రాసిన ఆ పొద్దున కోసం. అత్తయ్యని 114 మెట్లు ఎక్కించే ఉద్దేశం నాకెప్పుడూ లేదు. ఇదిగో ఆ ఫోటో ఇక్కడ పెడుతున్నా, ఈయాలో ఏ హోటలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి, నాకు దొరకట్లేదు.

నల్లకుంట_నాని
బొర్రా గుహల మాట దాచావా బ్రదర్. కేసు తిరగబడింది.

ఏథెన్స్_అత్తిలి
అమ్మా, మూడేళ్ళు వెతికినా దొరకదు, ఎందుకంటే ఆ ఫోటో ఈయాది కాదు. తొట్టి వెనక ఎడమ పక్కన సముద్రంలోకి పొడుచుకొచ్చిన బండ చూడండి, మనిషి తలకాయలా. అది స్కారోస్. దాని పక్కన ఉండే ఊరు ఇమెరోవిగ్లి. కాల్డెరా అంచులో అన్నిటికంటే ఎత్తు, దుకాణాలు తక్కువ, రాత్రి తొమ్మిదయ్యేసరికి సద్దుమణుగుతుంది. మీరు ఈయా అని వెతుకుతున్నారు కాబట్టి ఆ ఊరి రేటు చూపిస్తోంది. ఇమెరోవిగ్లి అని కొట్టి చూడండి, చౌక అనను కానీ సెప్టెంబర్ చివరికి కొంచెం దిగుతుంది. ఎంచుకున్నాక హోటల్ వాళ్ళకి ఒక్క ప్రశ్న రాయండి, బండి ఆగే చోటు నుంచి మా రూము తలుపు దాకా ఎన్ని మెట్లు అని. "కొన్ని మెట్లు" అంటే నమ్మొద్దు, అంకె అడగండి.

మ్యూనిక్_మసాలాదోశ
పెద్దవాళ్ళనీ బాబునీ కమారిలో ఉంచి మీరిద్దరూ ఒక్క రాత్రి పైకి వెళ్ళండి. ఇరవై నిమిషాల దూరం.

సీమ_సిన్నోడు
ముసలోళ్ళని పరాయి దేశంలో వదిలేసి పోతారా? ఏమి సలహా ఇది.

వైజాగ్_వనజ
వదిలేయడం ఏంటండీ, ఒక్క రాత్రి మనవడితో ఉంటారు. మా అత్తగారైతే నన్ను పొమ్మని ఆవిడే తోసేది.

మోకాలు_మూర్తి
ముసలోళ్ళ తరఫున చెప్తున్నా, మాకూ ఒక రాత్రి మీ గోల లేకుండా ఉంటే బాగుంటుంది.

గోదారిగట్టు_ఫ్రాంక్‌ఫర్ట్
బుక్ చేసేశాం. దిగిన రాత్రి కమారి. మర్నాడు పెద్ద ఓడలో నాక్సోస్, అయ్యోస్ యోర్యోస్ బీచ్ వెనక కింది అంతస్తు స్టూడియో మూడు రాత్రులు. తిరిగొచ్చి మళ్ళీ కమారి అదే హోటల్ మూడు రాత్రులు, అందులో మధ్య రాత్రి మేమిద్దరం ఇమెరోవిగ్లి. తొట్టి లేదు, గుహ ఉంది, స్కారోస్ కనపడుతుంది, 260. మెట్లెన్నని రాస్తే మొదట "ఓన్లీ ఫ్యూ" అన్నాడు, అత్తిలి గారు చెప్పినట్టు అంకె అడిగితే 38 అని వచ్చింది.

ఇక అసలు సంగతి. నిన్న సాయంత్రం అమ్మ ఆ ఫోటో చూసి "ఆ గుహ నేనూ చూస్తాను, పడుకోనులే, చూసి వచ్చేస్తా" అంది. 38 మెట్లమ్మా అంటే "రెండంతస్తులేగా" అని ఇవాళ్టి నుంచి అపార్ట్‌మెంట్ మెట్లు ఎక్కి ప్రాక్టీస్ చేస్తోంది. నాన్న కింద నిలబడి లెక్కపెడుతున్నారు.

మోకాలు_మూర్తి
ఆవిడకి చెప్పండి, అక్కడ ముందు దిగాలి, ఎక్కడం తిరిగొచ్చేటప్పుడు. మోకాలికి దిగడమే కష్టం. ప్రాక్టీస్ పై అంతస్తు నుంచి మొదలుపెట్టమనండి, గోడ పక్కనే నడవమనండి.

పెసరట్టు_99
ఆ పెరిస్సా 130 స్టూడియోలు మీరు తీసుకోవట్లేదుగా, లింక్ ఇటు పడేయండి, మేము అక్టోబర్‌లో వెళ్తున్నాం.